మా ఆవిడ సారె పళ్ళాలూ, మా బాబాయి ఎండపొయ్యీ

మొన్న మా ఆవిడ అటక దులిపించింది. మా ఇంటి అటక దులపడం సామాన్యమైన పని కాదు. ధవళేశ్వరం ఆనకట్టకి తవ్విన మట్టికన్నా ఒక తట్ట ఎక్కువే దిగుతుందని నా అంచనా. ఆ దుమ్ములోంచి మూత లేని మరచెంబు, చెంబు లేని మరమూత, ఏ కాలంలోనో ఒక పిల్లి పెట్టి మరచిపోయిన సంసారం, మా ముత్తాతగారి పల్లకీ బొంగు అన్నీ దిగాక, చిట్టచివర ఒక ఇత్తడి పళ్ళెం దిగింది. చిలుమెక్కి నల్లబడిపోయింది. అంచు వెంబడి నాలుగు చిల్లులున్నాయి. సరిగ్గా అప్పుడే వీధిలో కంచరి ఒకడు పాత ఇత్తడికి కొత్త ఇత్తడి ఇస్తానని కేకేసుకుంటూ పోతున్నాడు. దాన్ని అతనికి ఇచ్చేస్తే పోలేదా అన్నాను. మా ఆవిడ నా వంక చూసింది. ఆ చూపుకి ఎదుటింటి అరటిచెట్టు రెండు ఆకులు వాల్చింది.

"ఇదేంటో తెలుసా అండీ మీకు?"

"చిల్లుల పళ్ళెం."

"నా సారె పళ్ళెం. చిల్లులు మీ బాబాయిగారివి. పళ్ళెం మా నాన్నగారిది."

కంచరిని అరుగు మీద కూర్చోమని చెప్పి ఆవిడ లోపలికి వెళ్ళింది. నేను ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చిలుము కింద ఎక్కడో ఒక ఎండాకాలం ఉన్నట్టుంది, తొడ వెచ్చబడింది.

నేను రాజమండ్రిలో మెట్రిక్యులేషను పరీక్ష తప్పి, తప్పినందుకు ఏమాత్రం బెంగపడకుండా ఇంటికొచ్చి కూర్చున్న వేసవి అది. ఆ వేసవిలోనే నా భార్య కాపురానికి వచ్చింది. రెండు విపత్తులు ఒకేసారి రాకూడదురా అని మా నాన్న అంటే, ఒకటి వీడికి, రెండోది ఆ పిల్లకి, లెక్క సరిపోయింది కదన్నయ్యా అని మా బాబాయి సర్దిచెప్పాడట. పెద్దాపురం నుంచి బళ్ళ మీద కొంతా, కాలవలో పడవ మీద కొంతా వచ్చింది సారె. అరిసెలు, లడ్లు, చలిమిడి, మినపసున్ని, అన్నీ తళతళలాడే ఇత్తడి పళ్ళాల్లో. పడవ రేవుకి వచ్చేసరికి ఆ బరువుకి కాలవ నీళ్ళు గట్టెక్కి రెండు వైపులా చేలు తడిశాయి. పళ్ళాలు అరవై అని నేనంటాను. పదకొండని మా ఆవిడ అంటుంది. పుస్తకం రాస్తున్నది నేను గనక అరవయ్యే.

ఆ సారెని ఊరంతా పంచిపెట్టింది మా కామేశ్వరమ్మత్తయ్య. మా నాన్నకీ బాబాయికీ అక్క. ఊహ తెలియకముందే పెళ్ళయి, ఊహ తెలిసేసరికి ఆ పెళ్ళి కథ ముగిసి, పుట్టింటికి వచ్చి వంటింట్లో అడుగుపెట్టింది. మళ్ళీ బయటికి రాలేదు. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆవిడే. తెల్లవారకముందే కాలవలో మునిగి, తడిబట్టతో వచ్చి, పెరట్లో చింతపండూ బూడిదా ముందేసుకుని గిన్నెలు తోమేది. ఇంట్లో నేను మొదట కళ్ళు తెరిచిన వాసన చింతపండు పులుపు, రెండోది తడి బూడిద, మూడోది కొబ్బరిమట్టల పొగ. ఆవిడ తోమిన తపేలా మైలుదూరం నుంచి మెరిసేది. మడిగిన్నె ముట్టుకోకూడదు కనక మా బాబాయి పెరటిగుమ్మంలో నిలబడి, దూరం నుంచే ఆ తపేలాలో మొహం చూసుకుని మీసం దువ్వుకునేవాడు. ఇక వంటింటి గడప ఉందే, అది కలెక్టరు కచేరీ. ఎవరికి ఎంత నెయ్యి, ఎవరు కాళ్ళు కడుక్కుని రావాలి, ఎవరికి ఇవాళ పెరుగు లేదు, తీర్పులన్నీ అక్కడే. మా నాన్న ఊరికి పెద్దమనిషి. ఆ గడప దగ్గర మాత్రం ఆయన కూడా కక్షిదారే.

ఆ కచేరీలో ఉన్న లోపం ఒక్కటే, పొగ. మా వంటింటికి గోడలో పిడికెడంత గవాక్షం ఉండేది. పొగకి ఆ దారి నచ్చేది కాదు, అత్తయ్య కళ్ళ దారే నచ్చేది. ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు వంగీ వంగీ ఆవిడ కళ్ళు చింతనిప్పుల్లా అయిపోయాయి. ఎప్పుడూ నీళ్ళు కారేవి. ఆ సంవత్సరం ఎవరొచ్చినా అడుగుల చప్పుడు విని పోల్చుకోవడం మొదలుపెట్టింది. ఒకసారి ఆవుని చూసి మా నాన్న అనుకుని మజ్జిగ పోయమంటావా అని అడిగింది. నాన్న కాదు, ఆవు తల ఊపింది.

వైద్యుడు వచ్చి రెప్పలు పైకెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అమ్మా, ఇంకొక్క వానాకాలం ఆ తడికట్టెల పొగలో కూర్చున్నారంటే ఈ కళ్ళు నావల్ల కాదు. పొయ్యి మానండి."

"కళ్ళు పోతే చీకటి, అంతేగా. పొయ్యి పోతే ఈ ఇంట్లో నేనెవర్నండీ? అది కూడా చెప్పి వెళ్ళండి."

వైద్యుడు సంచి సర్దుకున్నాడు. మా నాన్న మాత్రం తీర్పు చెప్పేశారు. "ఆషాఢానికి కోడలు పుట్టింటికి వెళుతుంది. శ్రావణంలో తిరిగొచ్చాక వంట ఆ పిల్లది. నువ్వు చల్లగా కృష్ణా రామా అనుకో అక్కయ్యా." ఆ పూటా, మర్నాడూ పప్పులో ఉప్పు పడలేదు. ఎవరూ అడగలేదు. కొత్తకోడలు తలుపు వెనకాల నిలబడి ఇదంతా విన్నది. ఆ రోజు నుంచి అత్తయ్య ఆ పిల్లని పేరు పెట్టి పిలవడం మానేసింది. గాలిలోకి చూసి, "విస్తళ్ళు తెచ్చేవాళ్ళెవరైనా ఉంటే బాగుండు" అనేది.

ఇక్కడ మా జగన్నాథం బాబాయి సంగతి చెప్పాలి. పెళ్ళాం పోయాక మళ్ళీ పెళ్ళి వద్దన్నాడు. కాలవ లాకు దగ్గర పడవల లెక్క రాసే ఉద్యోగం. మిగిలిన పొద్దంతా పెరట్లో ఇత్తడి రేకులు సాగగొట్టుకునేవాడు. ఈ పిచ్చికి మూలం లంక పొగాకు చుట్ట. బాబాయికి భోజనం కాగానే చుట్ట వెలగాలి. అగ్గిపుల్లలు అప్పటికి మా ఊళ్ళో దొరల వస్తువు. మడిపొయ్యిలో నిప్పు చుట్టకి ఇవ్వనని అత్తయ్య శాసనం. ఆ శాసనానికి ఎదురుతిరిగి మా బాబాయి సూర్యుణ్ణి ఆశ్రయించాడు. ఎక్కడో పాత ఇంగ్లీషు పత్రికలో చదివాడట, ఫ్రాన్సు దేశంలో ఒక దొర గొడుగు తిరగేసినట్టు అద్దాలు పేర్చి, ఎండనంతా ఒకచోటికి పోగుచేసి నీళ్ళు మరిగించాడని. మొదట ఒక చెంబుమూత తీసుకుని, బోర్లించిన కుండ మీద పెట్టి, కొయ్యసుత్తితో చిన్నచిన్న దెబ్బలేసి గుంటగా ఒంచాడు. ఇటికపొడితో రుద్ది, చింతపండుతో తోమి, ఎండలో పట్టుకుని వెలుగుని గోడ మీదికి వదిలేవాడు. వెలుగు గోడ మీద పేరిన నెయ్యిబొట్టులా నిలిచిందా, వంపు కుదిరినట్టు. పులుసులా పారిందా, మళ్ళీ సుత్తి. అలా అరచెయ్యంతది, పళ్ళెమంతది, చేటంతది, ఎన్ని చేశాడో లెక్కలేదు. చుట్ట వెలిగింది. దాంతోపాటు ఉత్తరీయం, పంచాంగంలో ఒక పక్షం, మా పురోహితుడిగారి తాటాకు గొడుగు కూడా వెలిగాయి. మా పెరటి మీదుగా కాకులు ఎగరడం మానేసి చుట్టుదారిన పోయేవి.

నాన్న తీర్పు విన్న సాయంత్రం బాబాయి చుట్ట ముట్టించకుండానే వంటింటి గడప దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"అక్కయ్యా, పొగలేని పొయ్యి చేసిపెడతాను. ఆషాఢంలోగా."

"పొగలేని నిప్పు ఎక్కడుందిరా జగ్గా?"

"నెత్తిమీద."

"నీ నెత్తిమీద ఏముందో ఊరందరికీ తెలుసు" అంది గాని, వద్దనలేదు.

మొదటి పొయ్యి కిరసనాయిలు డబ్బాల రేకుతో కట్టాడు. అత్తయ్య వాసన చూసి నాలుగడుగులు వెనక్కి వేసింది. "ఈ రేకు మెరుపుతో మడివంటా? చుట్టకి నిప్పివ్వలేదని ఇన్నాళ్ళూ పగబట్టావట్రా." రేకు పోయింది. అద్దాలంటే కాకినాడ రేవు నుంచి రావాలి, వచ్చేలోగా ఆషాఢం వచ్చేస్తుంది. ఇక మిగిలింది ఇత్తడి. ఇత్తడైతే చింతపండుకి లొంగుతుంది, మడికీ పనికొస్తుంది. మా ఇంట్లో పళ్ళాలన్నీ పెరట్లోకి వచ్చాయి. చాలలేదు. బాబాయి కన్ను సారె పళ్ళాల మీద పడింది. ఆ రోజుల్లో కొత్తకోడలు మామగారి తమ్ముడితో ఎదురుగా మాట్లాడదు. తలుపు వెనక నుంచి నాతో అంది:

"అన్నీ తిరిగొస్తాయా అని అడగండి."

"ఒక్కటి కూడా తగ్గకుండా వస్తాయని చెప్పరా" అన్నాడు బాబాయి. చిల్లుల సంగతి ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. అయినా ఆవిడ ఒక పళ్ళెం దాచుకుంది. పెద్దాపురం వాళ్ళు జాగ్రత్తపరులు.

వెదురుబద్దలతో తిరగేసిన గొడుగులాంటి చట్రం కట్టాడు. ప్రతి పళ్ళానికీ నాలుగు చిల్లులు పొడిచి, రాగితీగతో చట్రానికి బిగించాడు. ఒక్కో పళ్ళెం వెనకాల వెదురుముక్క దోపి, అది విసిరే వెలుగుబిళ్ళ సరిగ్గా మధ్యలో వేలాడే తపేలా మీద పడేలా ఒంచాడు. పొద్దు జరిగేకొద్దీ పొయ్యి కూడా జరగాలి కదా, అందుకని చట్రమంతా ఒక పాత బండిచక్రం మీద నిలబెట్టాడు. చక్రాన్ని చిటికెనవేలితో తిప్పితే చాలు, పొయ్యి పొద్దుతిరుగుడు పువ్వులా తిరిగేది. ఊరు ఊరంతా చూడటానికొచ్చింది. నిప్పు తగలని అన్నం వండిన అన్నమేనా అని అరుగు మీద చర్చ లేచింది. పురోహితుడుగారు గొడుగు కాలిన మనిషి గనక, దూరంగా నిలబడి, "సూర్యుడు నిప్పు కాదని నా ఎదట ఎవరూ అనకండి" అని తేల్చేశారు.

అత్తయ్య మడితో వచ్చి, తళతళలాడే తపేలాలో నీళ్ళు పోసి వేలాడదీసింది. చేటలో బియ్యంతో పక్కన నిలబడింది. పళ్ళాలన్నీ ఒకేసారి వెలిగాయి. తపేలా కూడా వెలిగింది. ఎంత వెలిగిందంటే, చూడబోయినవాళ్ళంతా మొహాలు తిప్పుకున్నారు. పొద్దు నడినెత్తికొచ్చింది. ఎసరు వేడెక్కింది. స్నానానికి బాగుంటుంది, అంతకుమించి కదల్లేదు. పొద్దు వాలుతుంటే అత్తయ్య ఇక ఆగక బియ్యం పోసేసింది. ఆ పూట మేం తిన్నదాన్ని అన్నమనలేం, గోరువెచ్చని నీళ్ళలో నానిన బియ్యం ఆత్మకథ అనాలి.

మర్నాడు బాబాయి పళ్ళాలు మళ్ళీ ఒంచాడు. సూర్యుడికి ఆ తపేలా శుభ్రం చాల్లేదనుకుని అత్తయ్య మరింత తోమింది. ఎసరు మరగలేదు. ఇంకో పిడికెడు చింతపండు. ఎసరు మరగలేదు. తోమినకొద్దీ తపేలా మెరుపు ఎక్కువైంది, అత్తయ్య ఆ మెరుపుకి కళ్ళు మూసుకుని నీళ్ళు తుడుచుకునేది. జ్యేష్ఠమాసం అయిపోవస్తోంది. పెద్దాపురం నుంచి కోడల్ని తీసుకెళ్ళడానికి మనిషి వస్తున్నాడని కబురొచ్చింది. "చాలురా జగ్గా, అక్కయ్య కళ్ళు పొగకే కాదు, నీ పళ్ళాలకి కూడా పోయేలా ఉన్నాయి" అన్నారు నాన్న. ఆ సాయంత్రం అత్తయ్య తన ఊదుగొట్టం తీసి, శుభ్రంగా కడిగి, గూట్లో ఒక మూలకి పెట్టడం చూశాను. నాకు పరీక్ష తప్పినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మర్నాడు మా ఆవిడ ప్రయాణానికని కాటుక పట్టింది. ఆముదం దీపం పెట్టి, రెండు ఇటికల మీద తను దాచుకున్న ఆ పళ్ళెం బోర్లించింది. మసి దట్టంగా పట్టాక పళ్ళెం తీసి, చల్లారడానికని పెరటిగోడ మీద పెట్టి మరచిపోయింది. పక్కనే బాబాయి చట్రంలోంచి విప్పిన పళ్ళెం ఒకటి, మెరుస్తూ, అదే ఎండలో ఉంది. ఎండెక్కాక రెండూ తీయబోయింది. మెరిసే పళ్ళెం చేతికొచ్చింది. మసి పళ్ళెం చెయ్యి కాల్చింది.

నా దగ్గరికొచ్చి వేళ్ళు చూపించింది. "ఏమండీ, దీపం ఆర్పేసి ఎంతసేపైందో. ఇదింకా పెనంలా ఉంది. అదేమో చల్లగా ఉంది. రెండూ నా పళ్ళాలే, రెండూ ఒకే ఎండలో ఉన్నాయి."

నేను వెళ్ళి బాబాయికి చెప్పాను. ఆయన గోడ దగ్గరికెళ్ళి రెండింటినీ మార్చి మార్చి ముట్టుకున్నాడు. నోట్లో చుట్ట ఆరిపోయింది.

"మేం తోమి తోమి సూర్యుణ్ణి గుమ్మంలోంచే పంపించేస్తున్నాంరా" అన్నాడు. "లోపలికి రమ్మంటే గదా వచ్చేది. తపేలా నల్లగా ఉండాలి."

ఈ మాట అత్తయ్యతో చెప్పడం ఎలా? జీవితమంతా గిన్నెమీద మసి చుక్క నిలవనివ్వని మనిషి. చెప్పాడు. అత్తయ్య విని, "తోమని గిన్నెలో వండటానికా ఇన్నాళ్ళు మడి కట్టుకున్నది? అంతకన్నా ఆ పిల్లకే గరిటిచ్చి పడుకుంటాను" అంది. అప్పుడు తలుపు వెనక నుంచి మా ఆవిడ బయటికొచ్చింది. అత్తయ్యతో ఆ పిల్ల సొంతంగా మొదలుపెట్టిన మొదటి మాట అది.

"పెద్దత్తయ్యగారూ, మసి కాదండి. కాటుక. కొత్త నూనె, కొత్త వత్తి. లోపల మీరు రోజూ తోముకోండి. బయట మాత్రం ఉండనివ్వండి. కావాలంటే మడి కట్టుకుని పడతాను."

అత్తయ్య ఆ గొంతు వచ్చిన వైపు చూసింది. "నీకేంటే లాభం? నోరు మూసుకుని కూర్చుంటే శ్రావణానికి పొయ్యి నీదేగా."

"నాకు మీ ముక్కలపులుసు రాదండి. మీకు కళ్ళుంటేనే కదండీ నేను తప్పు చేసినప్పుడు చూసి తిడతారు."

తిట్టే అవకాశం ఎవరు కాదనుకుంటారు. మర్నాడు పొద్దున్నే మా ఆవిడ కాలవలో మునిగి తడిబట్టతో వచ్చింది. కాటుకని ఆముదంతో మెదిపి తపేలా చుట్టూ పూసింది. అత్తయ్య దగ్గరగా మొహం పెట్టి చూసింది, కళ్ళు ఆనలేదు. వేలితో తడిమింది. అంచు కింద ఒకచోట పూత తప్పింది. "ఇక్కడ వదిలేశావు" అని, గిన్నెలోంచి కాటుక వేలితో తీసి, తనే అద్దింది. అద్దాక ఆ వేలు పైకెత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ వేలు కాటుక ముట్టి ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలియాలి. తెల్లపంచెకి తుడవడానికి లేదు. కాసేపు చూసి, కోడలి గడ్డం పట్టుకుని, "కదలకు" అని, ఆ వేలు చెంప మీద ఆనించింది. "దిష్టి."

ఆ మధ్యాహ్నం పెరట్లో తపేలా ఈసారి వెలగలేదు. అన్ని పళ్ళాల వెలుగూ వచ్చి ఆ నలుపులో మునిగిపోతోంది. బాబాయి చక్రం ఒకసారి జరిపాడు, ఇంకోసారి జరిపాడు. మూత మొదట ఒకసారి కదిలింది, ఎవరో నిద్రలో పక్కకి తిరిగినట్టు. తర్వాత గలగలలాడటం మొదలెట్టింది. అత్తయ్య చూడలేదు, చెవి పెట్టి విన్నది. "ఎసరొచ్చింది" అని చేటలో బియ్యం పోసింది.

అన్నం తిని మా నాన్న, "ఏదో తగ్గిందే అక్కయ్యా" అన్నారు. "పొగ తగ్గింది. నువ్వు నెయ్యేసుకో" అంది అత్తయ్య. ఉప్పు సరిపోయింది.

శ్రావణంలో మా ఆవిడ తిరిగొచ్చింది. గరిట సంగతి నాన్న మరిచిపోయినట్టు నటించారు, మేమందరం సాయం చేశాం. వానలొచ్చాక ఎండపొయ్యి పనిచేయదు గదా అని మీరడుగుతారు. చేయలేదు. కానీ వేసవంతా కాలని కట్టెలు చావడిలో ఎండి, గంటల్లా మోగుతున్నాయి. ఆ కట్టెలకి పొగ అనే మాటే తెలియదు. మా బాబాయి దీన్ని కూడా తన లెక్కలోనే రాసుకున్నాడు. తర్వాతి వేసవులన్నీ ఆ పొయ్యి మీదే గడిచాయి. మా ఆవిడ గడప ఇవతల కూర్చుని అత్తయ్య తిట్లన్నీ నేర్చుకుంది. వాటితోపాటు పులుసు కూడా వచ్చింది. చివరికి ఒక గాలివాన ఆ చట్రాన్ని ఎత్తుకుపోయింది. ఒక పళ్ళెం యానాంలో తేలిందని నేనంటాను, పక్కవాళ్ళ గడ్డివామిలో దొరికిందని మా ఆవిడ అంటుంది. ఒంగకుండా మిగిలింది ఈ ఒక్కటే.

అత్తయ్య చివరిదాకా సూదిలో దారం ఎక్కించిందని రాయాలని ఉంది. అంత లేదు. మనుషుల్ని మొహం చూసి పోల్చుకుంది, ఆవుని మజ్జిగ పోయమంటావా అని మళ్ళీ అడగలేదు. మంచం పట్టాక ఆవిడని కొట్టుగదిలో పడుకోబెట్టాం. ఆ గదికి కిటికీ లేదు. వెలుగు కావాలేమో అని దీపం పెడితే వద్దంది. "ఆ చిల్లుల పళ్ళెం తెచ్చి నూతిగట్టుకి ఆనించవే" అని మా ఆవిడకి చెప్పింది. పళ్ళెం మీద పడ్డ ఎండ గుమ్మంలోంచి వచ్చి కొట్టుగది గోడ మీద పడేది. పొద్దుతోపాటు ఆ వెలుగుబిళ్ళ గోడ మీద జరిగేది. అది తలుపు గొళ్ళెం దాకా వచ్చేసరికి మంచంలోంచి గొంతు వినబడేది. "ఎసరు పెట్టండే." మూల దాకా వస్తే, "పులుసు దింపు, మాడుతుంది." పొయ్యి దగ్గరికి రాకుండానే, పోయేరోజు దాకా, ఆ ఇంటి వంట ఆవిడే చేసింది.

ఇప్పుడు మా ఇంట్లో అగ్గిపెట్టెలు పేలాల్లా దొరుకుతాయి. గోదావరి మీద రైలు నడుస్తోంది, పెద్దాపురం పిల్లలు పడవెక్కకుండానే కాపురాలకొస్తున్నారు, సారె పళ్ళాలు రైలుపెట్టెలో పట్టినన్నే తెస్తున్నారు. కాకినాడ నుంచి నేను తెచ్చిన గోడగడియారం ఉంది. అది తనకి తోచినప్పుడు తోచినన్ని గంటలు కొడుతుంది. నా రచనలాగే దానిక్కూడా కొంచెం పెంచి చెప్పే అలవాటు. వంటింటికి పెద్ద కిటికీ పెట్టించాను. మా కోడలు ఆ కిటికీ దగ్గర నిలబడి వండుతుంది. పొగ ఎక్కడికి పోతోందో ఎవరూ పట్టించుకోరు. మంచిదే. ఒక మనిషి కళ్ళ కోసం ఇల్లంతా కలిసి ఎండని పోగుచేసిన రోజు వాళ్ళకి అక్కర్లేదు.

ఇంతలో కంచరి అరుగు మీద నుంచి కేకేశాడు. "ఏం చేశారమ్మగారూ పళ్ళెం?"

"అది ఇచ్చేది కాదులే అబ్బాయ్. నువ్వు వెళ్ళు" అంది మా ఆవిడ. నా ఒళ్ళోంచి పళ్ళెం లాక్కుని పెరట్లోకి పోయింది. చింతపండు వాసన వచ్చింది. నేను ఇది రాస్తూ కూర్చున్నాను. గడియారం తొమ్మిది కొట్టింది, అంటే మధ్యాహ్నం కావస్తోందన్నమాట. కాస్సేపటికి నా కాగితం మీద ఏదో కదిలింది. తలెత్తి చూస్తే, నూతిగట్టు వైపు నుంచి ఒక వెలుగుబిళ్ళ వచ్చి నా చెయ్యి మీదుగా గోడ ఎక్కుతోంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, కళ్ళు చిట్లించి, అది ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంది.

"అమ్మాయ్" అని లోపలికి పిలిచింది. "ఎసరు పెట్టవే."